కాచుకునే రకం

కమియా వాళ్ళ పెంకుల బట్టీలో నాది కాలిన పెంకుని తట్టి చూసే పని. చిన్న చెక్కసుత్తితో తడితే ఖంగుమన్నది మంచిది, బొంగురుగా పలికింది లోపల బీట తీసింది. ఇసోగాయి మోరియోది మట్టి పని. ఇంటి కప్పు చివర్న, చెడు దగ్గరికి రాకుండా పెట్టే రాక్షసముఖాలు ఉంటాయి కదా, వాటిని చేత్తో మలిచేవాడు. మా తకహామాలో ఆ పని చేసేవాళ్ళకి మిగతా కూలివాళ్ళకంటే కాస్త మర్యాద ఎక్కువ. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. పొట్టి మనిషి, మెడ లావు, మాట తక్కువ. నవ్వొస్తే ముఖం పక్కకి తిప్పుకుని నవ్వేవాడు.

మాట తక్కువ కాబట్టి నెమ్మదస్తుడని అందరూ అనుకునేవారు. నేను అనుకోలేదు. నా గట్టు పక్కనే అతని బల్ల. రాక్షసుడి కొమ్ము అనుకున్నట్టు రాకపోతే తడి మట్టి ముఖాన్ని అలాగే ఎత్తి నేలకేసి కొట్టేవాడు. తర్వాత చుట్టూ చూసి, ఎవరూ గమనించలేదనుకుని, గబగబా ఎత్తి ముద్ద చేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

యజమాని పేరు కమియా గెన్‌జిరో. అందరూ పెద్దాయన అనేవారు, ఎదురుగా అయితే అయ్యగారూ అనేవారు. ఏటా డిసెంబరు ఆఖర్లో బట్టీ చల్లార్చాక ఇంటి మేడమీద మాకు విందు ఇచ్చేవాడు. బియ్యపు సారా, సాకె, కడుపులో పడ్డాక ఆయనకి ఒక ఆట ఉండేది. పూర్వం ఈ దేశాన్ని ఒకరి తర్వాత ఒకరు ఏలిన ముగ్గురు సేనాధిపతుల్లో మాలో ఎవరు ఎవరి రకమో తేల్చడం. కోపం, తెగింపు ఉంటే నొబునాగా. నోటి చలవతో పైకొచ్చేవాడైతే హిదెయోషి. ఓర్చుకుని ఓర్చుకుని ఆఖరికి అంతా దక్కించుకునేవాడు ఇయెయాసు. ఈ ఇయెయాసు పుట్టిన కోట మా ఊరికి ఎంతో దూరం లేదు. మా మికావా సీమవాళ్ళు ఆయన్ని సొంత మేనమామలా చెప్పుకుంటారు. ఎవరినైనా నువ్వు ఇయెయాసువి అన్నారంటే అంతకు మించిన పొగడ్త మా దగ్గర లేదు.

ఆ ఏడు ఇసోగాయికి పాతికేళ్ళు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

"నేను నొబునాగాని. ఇందులో చర్చ లేదు."

"చర్చ పెడితే మా తలలుండవు కదండీ," అన్నాడు లారీ నడిపే హొత్తా.

"చూశారా, వీడు హిదెయోషి. అచ్చం వాడి నోరే." అందరూ నవ్వారు. హిదెయోషిని అప్పట్లో కోతి అని పిలిచేవారట, అందుకని హొత్తా లేచి కోతిలా ఒళ్ళు గోక్కుని చూపించాడు. పెద్దాయన చూపు బల్ల చివర ముల్లంగి ఊరగాయ నములుతున్న ఇసోగాయి మీద పడింది. "ఇసోగాయీ, నువ్వెవరో చెప్పనా?"

"నేను ఎవర్నీ కానండి. మట్టి పిసికేవాణ్ణి."

"అదీ. అలా అనేవాడే అసలైనవాడు. ఇయెయాసు చిన్నప్పుడు పరాయి ఇళ్ళల్లో బందీగా పెరిగాడు. పెద్దయ్యాక తనకంటే పెద్దవాళ్ళందరికీ తల వంచాడు. ఒక్కనాడైనా నాకివ్వండని చెయ్యి చాపాడా? చాపలేదు. కాచుకున్నాడు. ఆఖరికి దేశం ఎవరి చేతికొచ్చింది?"

"ఆయన చేతికండి."

"మరి ఈ బట్టీ ఎవరి చేతికొస్తుందో." అంటూ మెట్ల వైపు చూశాడు పెద్దాయన. ఆయన ఒక్కగానొక్క కూతురు ఫుసాయే అప్పుడే చారు గిన్నెల పళ్ళెం పట్టుకుని పైకి వస్తోంది.

కొడుకులు లేని ఇల్లు. ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకోవలసిందే. ఆ మాట ఎవరూ నోటితో అనలేదు, అందరికీ అర్థమైంది. ఇసోగాయి చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు బట్టీ కడుగుతున్నప్పుడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నిజంగానే నా ముఖం చూస్తే అలా అనిపిస్తుందా?"

"నీ ముఖం చూస్తే మూతికి ముల్లంగి అంటుకుందనిపించింది."

"వేళాకోళం కాదు."

"సరే, వేళాకోళం లేకుండా చెప్తా విను. నీకు ఓర్పనేది ఎక్కడా లేదు. నిన్న పొద్దున కూడా ఒక ముఖాన్ని నేలకేసి కొట్టావు."

అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు గానీ నవ్వలేదు. ఆ తర్వాత కొమ్ము వంకరపోయినా, కోర విరిగినా నేలకేసి కొట్టడం మానేశాడు. తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, కాసేపు గోడకేసి చూస్తూ నిలబడేవాడు. పెద్దాయన అటుగా పోతూ, "అదీ ఇయెయాసు అంటే," అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆ రోజు గడిచిపోయేది అతనికి.

మూడేళ్ళు అలా గడిచాయి. ఫుసాయే నగోయాలో కుట్టుపని నేర్చుకుని తిరిగొచ్చింది. ఒకనాడు పెంకులు ఆరబెట్టే పాకలోకి వచ్చి, నేను పక్కనే పెంకులు తడుతూ ఉన్నా లెక్కచెయ్యకుండా అతని బల్ల ముందు నిలబడింది.

"మోరియో గారూ, బ్యాంకు మేనేజరు గారి రెండో అబ్బాయిని చూశారు నాకు. మీరు నాన్నతో ఒక్క మాట చెప్తే నేను ఆ సంబంధం వద్దంటాను."

ఇసోగాయి చేతులకి మట్టి. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గాలిలోనే పట్టుకున్నాడు. "అయ్యగారు ఆగమన్నారండి."

"ఎప్పటిదాకా?"

"ఆయన మనసులో ఉంది. నేను నోరు తెరిచి అడిగితే పాడైపోతుంది."

"నా మనసులో ఏముందో అడగరా?"

అతను తల దించుకున్నాడు. ఫుసాయే గొంతు తగ్గించింది. "నాన్న మిమ్మల్ని ఇయెయాసు అంటాడట. నాకు చరిత్ర పెద్దగా రాదు. ఆయనకి పెళ్ళాలూ ఉంపుడుగత్తెలూ పదిమందికి పైమాటే అని మాత్రం బళ్ళో చెప్పారు. వాళ్ళంతా అడక్కుండానే వచ్చారంటారా?"

నాకు నవ్వు ఆగలేదు. వినపడకుండా నాలుగు పెంకులు గట్టిగా వాయించాను. ఇసోగాయి మాత్రం, "ఇంకొన్నాళ్ళు ఆగండి," అన్నాడు. ఆమె లంగా అంచుకి అంటిన మట్టి దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ శరత్తులోనే పెళ్ళయింది. బ్యాంకాయన రెండో కొడుకు తొషికజు కమియా ఇంటిపేరు పెట్టుకుని ఇల్లరికం వచ్చాడు. ఆ వెంటనే బ్యాంకు అండతో పక్క ఊరు హెకినాన్‌లో రెండో బట్టీ లేచింది. పెళ్ళి అయిన వారంలోనే పెద్దాయన ఇసోగాయిని పిలిపించుకున్నాడు. తిరిగొచ్చి అదంతా నాకు తనే చెప్పాడు.

"ఇయెయాసు నొబునాగా ఆజ్ఞకి పెద్దకొడుకునే పోగొట్టుకుని నోరెత్తలేదట అక్కా. దాని ముందు ఇదెంత అన్నారు. పెళ్ళి వేరు, బట్టీ వేరు అన్నారు. తొషికజు గారు కాగితాలు చూసుకునే మనిషేగానీ మట్టి మనిషి కాదు. బట్టీ నడిపేది నువ్వే, కొంచెం ఆగు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

అతని కళ్ళలో బాధ ఉంది. దాని పక్కనే ఇంకేదో మెరుస్తోంది కూడా. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత అవాజి దీవి నుంచి షిన్‌కై అనే అతను వచ్చాడు. అక్కడా పెంకుల పనే. ఇసోగాయి చేసిన ముఖాల్ని ఏదో గుడి కప్పు మీద చూసి, వెతుక్కుంటూ వచ్చాడు. "నాకు బట్టీ ఉంది, చెయ్యి తిరిగినవాడు లేడు. రా, చెరిసగం. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయిద్దాం," అన్నాడు. ఇసోగాయి వేడి టీ పోశాడు, వచ్చినందుకు నడుము వంచి దండం పెట్టాడు, రాలేనన్నాడు.

ఆ మాట తెలిసిన రోజు భోజనాల వేళ నేను అందరి ముందూ తిట్టాను. "మెడ లావుంటే సరా, దాని మీద తల ఉండొద్దా?"

"ఇంకొన్నాళ్ళే అక్కా. అయ్యగారికి అరవై దాటాయి."

"అరవై దాటినవాళ్ళంతా చచ్చిపోతారా ఏమిటి?"

"అలా అనకు." కంగారుగా అటూ ఇటూ చూశాడు. చావు కోసం చూస్తున్నవాడిలా మాట్లాడానని అతనికి అప్పుడు తట్టినట్టుంది. ఆ రోజు అన్నం డబ్బా మూతపెట్టి లేచిపోయాడు.

పెద్దాయన చావలేదు. డెబ్బై దాటాడు, ఎనభై దాటాడు. పొద్దున్నే ఏటిగట్టు దాకా నడక, ఎర్ర మిసో చారు, మధ్యాహ్నం కునుకు. పన్ను కూడా కదల్లేదు. ఇసోగాయి పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా సంబంధం తెస్తే, బట్టీ సంగతి తేలాక చూద్దామనేవాడు. బట్టీలో కొత్తగా చేరినవాళ్ళు అతన్ని వెనకాల, ఆఖరికి ఇయెయాసుకి దక్కిన బిరుదుతో, షోగున్ గారు అనేవారు. "షోగున్ గారు కొలువు తీరారా?" అని నన్ను అడిగేవారు. అతనికి తెలుసు. తెలిసీ కోప్పడలేదు. ఇయెయాసుని కూడా పక్కవాళ్ళు అలాగే ఆడిపోసుకున్నారని పెద్దాయన ఎప్పుడో చెప్పి ఉంచాడు.

తర్వాత కోబె నగరంలో పెద్ద భూకంపం వచ్చింది. బరువు కప్పుల కింద మనుషులు నలిగారని టీవీలో పదే పదే చూపించారు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకి పెంకు పేరెత్తితే భయం. ఆర్డర్లు పడిపోయాయి. మాలో సగంమందిని పంపేశారు, అందులో నేనూ ఉన్నాను. ఇసోగాయి మిగిలాడు. రాక్షసముఖాలు అచ్చులో నొక్కే యంత్రం కొని, అతన్ని దాని దగ్గర నిలబెట్టారు. యజమాని కుర్చీలో తొషికజు కూర్చున్నాడు, అతని పక్కన కొడుకు పని నేర్చుకుంటున్నాడు. ఇసోగాయికి రిటైరయ్యే వయసొచ్చినప్పుడు, ఏడాదికోసారి చూసుకుందాం, ఉండు అన్నారు. ఉన్నాడు.

పెద్దాయన తొంభై దాటాక, ఒక వానాకాలం మధ్యాహ్నం కునుకులోనే పోయాడు.

దహనశాలకి పాతవాళ్ళం చాలామందిమి వెళ్ళాం. శవం కాలేదాకా పక్క గదిలో కూర్చోవాలి. అప్పటిదాకా అన్నం పెట్టెలు, బీరు ఇస్తారు. నేను ఇసోగాయి పక్కన కూర్చున్నాను. ఎదురుగా లారీ హొత్తా, బట్టీకి మంట పెట్టే ఒజాకి, హెకినాన్ బట్టీ మేస్త్రీగా చేసిన సకాబె. అందరూ ముసలివాళ్ళే. ఇసోగాయికి అరవై రెండు.

బీరు సగం అయ్యాక సకాబె అన్నాడు, "పోయిన మనిషిని అనకూడదు గానీ, నాకిచ్చిన మాట తీర్చకుండానే పోయాడు."

"ఏం మాట?" అన్నాడు ఒజాకి.

"హెకినాన్ బట్టీ నాకే వదిలేస్తానని. సకాబె, నీది ఇయెయాసు రకం, కాచుకో అన్నాడు. కాచుకున్నాను, కళ్ళు కాయలు కాశాయి."

ఇసోగాయి తింటున్న పుల్లలు అన్నం పెట్టె మీద పెట్టేశాడు.

ఒజాకి నవ్వాడు. "నిన్నా? ఆ మాట నన్ను కదరా అన్నది. నేను కొలిమి దగ్గర నోరు మూసుకుని కూచుంటాను కాబట్టి నేనే ఇయెయాసునట. వేరే బట్టీకి పోదామని మూట కట్టుకున్న ఏడు అన్నాడు. మూట విప్పేశాను."

"నన్ను కూడా," అన్నాడు హొత్తా.

"నువ్వు హిదెయోషివి కదరా. అందరి ముందూ కోతి వేషం వేయించాడు."

"అది అందరి ముందు. కిందికి దిగుతుంటే మెట్ల మీద భుజం మీద చెయ్యేసి, పైకి అలా అన్నాను గానీ అసలు ఇయెయాసువి నువ్వే, వాళ్ళు కుళ్ళుకుంటారు, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఇదిగో, ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. అవతల బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. సకాబె కళ్ళు తుడుచుకుంటూ, "ఇసోగాయీ, నిన్ను అనలేదా?" అని అడిగాడు.

"ఆడపిల్లని చూపించి అన్నాడు," అన్నాడు ఇసోగాయి.

నవ్వులు ఆగిపోయాయి. ఒజాకి బీరు సీసా అందుకుని అతని గ్లాసు నింపబోయాడు. గ్లాసు నిండే ఉంది. సీసా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

సకాబె, మాట మార్చడానికేమో, "అసలు ఇయెయాసు ఎప్పుడు కాచుకున్నాడు?" అన్నాడు. "ముప్ఫై నిండగానే, శత్రువు తకెదా సేన తన కోటని లెక్కచెయ్యకుండా పక్కనించి పోతోందని ఒళ్ళు మండి, అందరూ వద్దంటున్నా బయటికి దూకాడు. చావుదెబ్బ తిని గుర్రమ్మీద వెనక్కి పరిగెత్తాడు. కోపమొస్తే గోళ్ళు కొరికేవాడట. డెబ్బై దాటిన ముసలాడు హిదెయోషి కొడుకున్న ఒసాకా కోట మీద ఫిరంగులు పేల్పించి, అది కూలాక ఆ కొడుకు కొడుకు, ఎనిమిదేళ్ళ పిల్లాడి తల తీయించాడు. అదీ ఆయన ఓర్పు."

"మరి ఓర్పుగలవాడని మనకెవడు చెప్పాడు?" అన్నాడు హొత్తా.

"మనచేత పని చేయించుకున్నవాడు," అన్నాడు ఒజాకి.

అప్పటికే ఫుసాయే టీ కుండతో మా బల్ల దగ్గరికొచ్చి నిలబడి ఉంది. నల్ల బట్టల్లో ఇంకా సన్నగా కనిపించింది. ఎంతవరకు విన్నదో గానీ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఇంట్లో అమ్మని కూడా నువ్వు ఇయెయాసువే, ఓర్చుకో అనేవాడు," అంది. కప్పులు నింపుతూ ఇసోగాయి దగ్గరికి వచ్చి ఆగింది. "మీ విషయంలో మాత్రం నాన్న లెక్క తప్పలేదు. ఒజాకి గారు రెండుసార్లు దెబ్బలాడి వెళ్ళి తిరిగొచ్చారు. సకాబె గారు ఇల్లు కట్టుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు. మాట నమ్మి నిజంగా ఆగిపోయింది మీరొక్కరే."

"మరి మిమ్మల్ని ఏమన్నారు?" అన్నాడు ఇసోగాయి.

"నన్నూ ఆగమన్నాడు. ఇసోగాయి కాస్త పైకొచ్చాక చూద్దాంలే అన్నాడు. నేను మీకంటే తొందరగా విసిగిపోయాను."

అంతలో ఎముకలు ఏరడానికి రమ్మని పిలిచారు. ఇద్దరిద్దరు కలిసి పుల్లలతో ఒక్కొక్క ఎముక పట్టుకుని కుండలో వేయాలి. అయినవాళ్ళ వంతు అయ్యాక పాత పనివాళ్ళ వంతు వచ్చింది. సిబ్బంది ఇసోగాయి చేతికి పుల్లలిచ్చారు. అతను వాటివైపు, బూడిద వైపు చూశాడు. పుల్లలు పళ్ళెం అంచున పెట్టి, ఎవరికీ తల వంచకుండా నడుచుకుంటూ బయటికి పోయాడు. తొషికజు ముఖం మాడిపోయింది. మా వైపు ఎవరూ అలా చెయ్యరు.

నేను వెనకాలే వెళ్ళాను. కార్లు ఆపే చోట గొడుగు లేకుండా వానలో నిలబడి ఉన్నాడు.

"అక్కా, నాకు నిజంగా ఓర్పుందా?"

"లేదు. అప్పుడూ చెప్పాను. నువ్వు వినలేదు."

"విన్నాను. ఆయన మాట బాగుంది, అదీ సంగతి." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు నా మూతికి అంటిన ముల్లంగి చూశావు. ఆయన నాలో అంత పెద్దమనిషిని చూశాడు. అంతకుముందు నన్ను అలా ఎవరు చూశారు? మా నాన్న కూడా చూడలేదు."

బస్సు వచ్చేదాకా ఇద్దరం ఒకే గొడుగు కింద నిలబడ్డాం.

మర్నాడే పని మానేశాడు. ఆ నెలలోనే అవాజి వెళ్ళాడు. షిన్‌కై పోయి చాలాకాలమైంది. అతని బట్టీ ఉన్నచోట సూపర్‌మార్కెట్ వాళ్ళు కార్లు ఆపుకోడానికి తారు పరిచారు. అక్కడ ఒక సీసా టీ కొనుక్కుని తాగి వెనక్కి వచ్చేశానని నాతో చెప్పాడు.

అక్కణ్ణించి మనిషి చేతికి అందలేదు. పురపాలక సంఘం కట్టించిన ఇళ్ళలో ఒక గదిలో ఉండేవాడు. మంగలి షాపులో వరసలో ఆగమన్నందుకు కుర్చీ తన్నాడు. నూడిల్స్ కొట్టులో చారు చల్లగా ఉందని గిన్నె నేలకేసి కొట్టాడు. ఆ కొట్టువాళ్ళు ఇంక రావద్దన్నారు. ఆసుపత్రిలో చీటీ తీసుకుని కూర్చోమంటే నర్సు మీద అరిచి, చూపించుకోకుండానే వెళ్ళిపోయేవాడు. వయసు మీదపడి బుర్ర చెడిందని ఊళ్ళో అనుకున్నారు.

మరుసటేడు శరత్తులో వచ్చిన తుఫానుకి కమియా వాళ్ళ ఇంటి కప్పు శిఖరం, దాని చివరున్న రాక్షసముఖం విరిగాయి. అప్పటికే తొషికజు బట్టీ మూసేశాడు. ముఖం చేసిపెట్టే చెయ్యి ఊళ్ళో లేదు. ఫుసాయే నన్ను పిలిచి, ఒకసారి ఇసోగాయిని అడగమంది. వెళ్ళి తలుపు తట్టి చెప్పాను.

"రాను," అన్నాడు ఇసోగాయి.

"తొషికజు కోసం కాదు. ఆమె అడుగుతోంది."

"తెలుసు. రాను." తలుపు వేసుకున్నాడు. లోపల టీవీ గొంతు పెంచాడు.

ఫుసాయే పెంకంతా దింపించి రేకు వేయించింది. ఇప్పుడు వానొస్తే ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఎలాగూ మేం మాట్లాడుకునేది లేదులే అంటుంది.

మొన్నటి చలికాలంలో ఇసోగాయి న్యుమోనియాతో చనిపోయాడు. అతని చెల్లెలి కొడుకు వచ్చి గది ఖాళీ చేశాడు, నేను సాయం వెళ్ళాను. మట్టి పనికి సంబంధించిన వస్తువు ఒక్కటి కూడా దొరకలేదు. పక్కింటావిడని అడిగితే, కత్తులూ గరిటెలూ అచ్చులూ అన్నీ ఎప్పుడో పారేశాడని చెప్పింది. ఇనుమూ చెక్కా వేరు చెయ్యకుండా, చెత్తబండి వచ్చే రోజు దాకా ఆగకుండా, అంతా ఒకే సంచిలో కుక్కి వీధి చివర పడేశాడట. ఏ రకం చెత్త ఆ రకంగా విడదీస్తే తప్ప ముట్టమని బండివాళ్ళు తీసుకోలేదట. ఆవిడే కూర్చుని విడదీయాల్సి వచ్చిందట. చెప్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.